మొదటి ప్రతి ఖర్చు ఎవరిది? ఒక విశ్వవిద్యాలయ ప్రచురణల విభాగం కేస్ స్టడీ

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చెబుతాను. మధ్యలో కొన్నేళ్లు ప్రచురణల విభాగానికి డైరెక్టర్‌గా అదనపు బాధ్యత చూశాను. మన దగ్గర ఆ కుర్చీ అలాగే తిరుగుతుంది. ఒకసారి తెలుగు శాఖకు, ఒకసారి లైబ్రరీ సైన్సుకు, ఎవరూ ముందుకు రాకపోతే మీటింగుకు రాని వాళ్లకు. విశ్వవిద్యాలయం పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఇందులో చెప్పే ఇబ్బందులు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రచురణల విభాగం తలుపు తట్టినా కనిపించేవే.

పరిశోధన గ్రంథానికయ్యే ఖర్చులో పెద్ద వాటా మొదటి ప్రతి చేతికి రాకముందే అయిపోతుంది. చదివించడం, దిద్దడం, కూర్చడం, ప్రూఫులు, సూచిక, ఇవన్నీ వంద కాపీలు వేసినా వెయ్యి వేసినా ఒక్కటే. మా లెక్కల పుస్తకాల్లో ఆ ఖర్చు ఎక్కడా లేదు. దాన్ని బయటికి తీసి వేరే పద్దు కింద రాశాకే మిగతా నిర్ణయాలన్నీ కదిలాయి. ఈ కేసంతా ఆ ఒక్క మార్పు చుట్టూ తిరుగుతుంది.

చేతికొచ్చిన విభాగం

విశ్వవిద్యాలయాలు పుస్తకాలు వేయడం మన నేల మీద కొత్త సంగతి కాదు. ఉస్మానియా తెరవడానికి ఏడాది ముందే, 1917లో, హైదరాబాదులో అనువాద సంస్థ దారుల్ తర్జుమా పెట్టారు. ఉర్దూలో పాఠాలు చెప్పాలంటే ముందు ఉర్దూలో పుస్తకాలుండాలి కదా. ఆంధ్ర విశ్వవిద్యాలయం లకంసాని చక్రధరరావు గారి సంపాదకత్వంలో తెలుగు వ్యుత్పత్తి కోశాన్ని సంపుటాల వారీగా తెచ్చింది. 1968లో వచ్చిన తెలుగు అకాడమీ కాలేజీ చదువుకు తెలుగులో వాచకాలు తయారుచేసింది. వీటిలో ఏదీ ఎన్ని కాపీలు అమ్ముడవుతాయో లెక్కేసుకుని మొదలుపెట్టిన పని కాదు. సంపాదకులకు జీతాలిచ్చారు, ఏళ్ల తరబడి కూర్చోబెట్టారు, పని అయ్యాక అచ్చేశారు. మొదటి ప్రతి ఖర్చును చదువు ఖర్చుగానే చూశారు. అలా చూస్తున్నామని మాత్రం ఎక్కడా రాసిపెట్టుకోలేదు. జీతాల పోస్టులు ఖాళీ అవుతూ వచ్చినప్పుడు ఆ ఖర్చు కూడా చప్పుడు చేయకుండా మాయమైంది.

నేను చేరేసరికి మా విభాగంలో సంపాదకుడి పోస్టు కాగితం మీదే ఉంది. ప్రూఫ్‌రీడర్లలో ఒక్కరే మిగిలారు, ఆయనా రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. ముద్రణాలయం, ప్రచురణలు ఒకే కప్పు కింద ఉండేవి. ముద్రణాలయానికి అసలు పని పరీక్షల జవాబు పుస్తకాలు, దరఖాస్తు ఫారాలు, స్నాతకోత్సవం కాగితాలు. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడితే మా పుస్తకాల ప్లేట్లు పక్కన పడేవి. పరీక్ష వాయిదా వేయించగల మనిషి క్యాంపస్‌లో లేడు, పుస్తకం వాయిదా వేస్తే అడిగేవాడూ లేడు.

గోడౌన్ సంగతి వేరుగా చెప్పాలి. దశాబ్దాల నాటి వెయ్యేసి ప్రతుల ముద్రణలు, కట్టలు విప్పకుండానే చెదలకు వదిలేసినవి కొన్ని. ఏటా ఆడిట్ వాళ్లు వచ్చి స్టాక్ రిజిస్టర్ తిప్పి, అమ్ముడుపోని సరుకు విలువ ఇంత అని ఒక పేరా రాసి వెళ్లేవారు. ఆ పేరాకు భయపడి ప్రతి డైరెక్టరూ చేసిన పని ఒకటే: స్టాక్ అలాగే ఉంచడం. చిత్తు కాగితాల కింద తీసేయాలంటే కమిటీ వేయాలి, ఎవరో సంతకం పెట్టాలి.

ఇక కొత్తగా వచ్చే పుస్తకాలు. రచయితే బయట డీటీపీ చేయించుకుని పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైలు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తెచ్చేవారు. మేం పుస్తకానికి గుర్తింపుగా ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు వేసి అచ్చుకు పంపేవాళ్లం. దిద్దడమనే దశే లేదు. ఇది ఎందుకు జరుగుతోందో తెలియాలంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో అధ్యాపకుల పదోన్నతికి పెట్టిన పాయింట్ల పట్టిక చూడాలి. అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12 పాయింట్లు, జాతీయ ప్రచురణకర్త వేస్తే 10, సంపాదిత గ్రంథంలో ఒక అధ్యాయానికి 5. పదోన్నతి ఇంటర్వ్యూ తేదీ వచ్చిందంటే మా ఆఫీసు ముందు మనుషులు పెరిగేవారు. మాది ప్రచురణ సంస్థ కాదు, నంబరు ఇచ్చే కౌంటర్.

బయట జరిగినవి మాకేం చెప్పాయి

పదవి తీసుకోగానే వేరే చోట్ల ఏం జరిగిందో చదివాను. చాలావరకు అమెరికా కథలే. కారణం, అక్కడ ఇలాంటి గొడవలు బహిరంగంగా జరుగుతాయి. మన దగ్గర ఫైల్లోనే మొదలై ఫైల్లోనే ముగుస్తాయి.

నాకు బాగా పనికొచ్చింది రైస్ విశ్వవిద్యాలయం సంగతి. 1996లో మూతపడ్డ ప్రెస్‌ను 2006లో పూర్తి డిజిటల్ ప్రెస్‌గా మళ్లీ తెరిచారు. గోడౌన్ ఉండదు, అచ్చు ఖర్చు తగ్గుతుంది, ఇక నష్టమేమిటి అనుకున్నారు. 2010లో మళ్లీ మూసేశారు. కాగితం తీసేసినా ఖర్చు పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే ఖర్చు కాగితంలో లేదు. మా విశ్వవిద్యాలయంలో "అన్నీ ఈ-బుక్స్ చేసేస్తే పోలా" అని ఎవరన్నా అన్నప్పుడల్లా నేను రైస్ పేరు ఎత్తేవాణ్ని.

2012లో మిస్సోరి విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే 4 లక్షల డాలర్ల సబ్సిడీ ఆపి ప్రెస్ మూసేస్తామంది. రచయితలు తమ పుస్తకాల హక్కులు తిరిగివ్వమని అడగడం మొదలుపెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి యాజమాన్యం వెనక్కి తగ్గింది. 2019లో స్టాన్‌ఫర్డ్ వంతు. 17 లక్షల డాలర్ల నిధి ఇవ్వబోమన్నారు, అధ్యాపకులు గొడవ చేశాక కొంత దిగొచ్చారు. స్టాన్‌ఫర్డ్ దగ్గర డబ్బు లేదని ఎవరూ నమ్మరు. కాబట్టి ప్రశ్న డబ్బుది కాదు, ప్రెస్‌ను ఏ ఖాతాలో చూస్తున్నారన్నది. వ్యాపారమని చూస్తే నష్టం, ప్రయోగశాల అని చూస్తే ఖర్చు. రసాయన శాస్త్రం ల్యాబ్ ఈ ఏడు ఎంత లాభం తెచ్చిందని ఏ ఫైనాన్స్ కమిటీ అడగదు.

అంకెలు కావాలంటే 2016లో ఇథాకా ఎస్ ప్లస్ ఆర్ అనే సంస్థ అచ్చేసిన అధ్యయనం ఉంది. 20 అమెరికా విశ్వవిద్యాలయ ప్రెస్‌లలో, 382 పుస్తకాలకు, మొదటి డిజిటల్ ప్రతి తయారయ్యేదాకా అయ్యే ఖర్చు లెక్కగట్టారు. ఒక్కో పుస్తకానికి 15,140 డాలర్ల నుంచి 1,29,909 డాలర్ల దాకా తేలింది. మన రూపాయల లెక్క వేరు, పోల్చకూడదు. కానీ ఆ పెద్ద ఖర్చు సిబ్బంది సమయంలో ఉందన్న మాట ఇక్కడా అక్కడా ఒకటే.

లెక్క విడదీయడం

మా పాత పద్ధతి ఇది. అచ్చు బిల్లును ప్రతుల సంఖ్యతో భాగించి, వచ్చిందాన్ని రెట్టింపు చేసి, దాన్నే ధరగా వేసేవాళ్లం. బిల్లులో కాగితం, ప్లేట్లు, బైండింగ్ తప్ప ఏమీ ఉండవు. ఎక్కువ ప్రతులు వేస్తే ఒక్కో ప్రతి ఖర్చు తగ్గుతుంది కాబట్టి వెయ్యి వేయడమే తెలివని అందరి నమ్మకం.

ఫైనాన్స్ కమిటీ ముందు నేను పెట్టిన నమూనా లెక్క ఇక్కడ రాస్తాను. ఇవి ఏ ఒక్క పుస్తకం అంకెలూ కావు, పద్ధతి తెలియడానికి గుండ్రంగా తీసుకున్నవి. డెమీ ఒకటికి ఎనిమిదో వంతు సైజులో 304 పేజీల పుస్తకం, అంటే 16 పేజీల చొప్పున 19 ఫారాలు. ఇద్దరు పరిశీలకులకు గౌరవ వేతనం 6,000. పేజీకి 100 చొప్పున ఎడిటింగ్ 30,400. పేజీకి 60 చొప్పున కంపోజింగ్ 18,240. రెండు విడతల ప్రూఫులకు కలిపి పేజీకి 30 చొప్పున 9,120. కవరు 5,000, పుస్తకం చివర వేసే పదసూచిక 6,000. మొత్తం 75 వేలకు ఒక పిసరు తక్కువ. ఇది మొదటి ప్రతి ఖర్చు.

ఇప్పుడు ఆఫ్‌సెట్‌లో వెయ్యి ప్రతులు, ప్రతి 85 రూపాయల చొప్పున 85,000. ధర 170. దుకాణాలకు 40 శాతం కమీషన్ పోను చేతికొచ్చేది 102. ఐదేళ్లలో 300 ప్రతులు పోయాయనుకుందాం, మా అనుభవంలో అదీ మంచి అమ్మకమే. వచ్చింది 30,600. రెండు ఖర్చులూ కలిపి పెట్టింది దాదాపు 1,60,000. పైగా 700 ప్రతులు గోడౌన్‌లో.

రెండో దారి. డిజిటల్ ప్రింటింగ్‌లో 200 ప్రతులు, ప్రతి 190 చొప్పున 38,000. ధర 380, చేతికొచ్చేది 228. 200 పోతే 45,600. అచ్చు ఖర్చు తిరిగొచ్చి కొంత మిగులుతుంది, మళ్లీ కావాలంటే మళ్లీ 100 వేసుకోవచ్చు. మొదటి ప్రతి ఖర్చు 75 వేలు మాత్రం రెండు దారుల్లోనూ తిరిగి రాదు.

ఆ చివరి వాక్యం దగ్గరే కమిటీలో చర్చ ఆగిపోయింది. "తిరిగి రాదని తెలిసి ఎలా మంజూరు చేస్తాం?" అన్నారు ఫైనాన్స్ ఆఫీసర్ గారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పడానికి నాకు పాత పుస్తకాలే సాక్ష్యం. అలాంటి కోశాలూ, శాసన సంపుటాలూ తిరిగి వచ్చే డబ్బుతో తయారయ్యాయా అని అడిగాను. చివరికి రెండు పద్దులు చేశారు. ముద్రణకు రివాల్వింగ్ ఫండ్, అది తన ఖర్చు తాను సంపాదించుకోవాలి. మొదటి ప్రతికి పరిశోధన పద్దు కింద ఏటా కొంత మొత్తం, దాని మీద ఆదాయం అడగరు, బదులుగా ఏ పుస్తకాల మీద ఎందుకు ఖర్చు పెట్టామో ఏటా నివేదిక ఇవ్వాలి. అడిగిన మొత్తంలో సగం కూడా రాలేదు. రెండు పద్దులు రావడమే ముఖ్యం.

ధర రెట్టింపయ్యిందని మొదట్లో విమర్శ వచ్చింది. తెలుగు పాఠకుడికి 380 ఎక్కువే, కాదనను. దానికి మా సమాధానం పీడీఎఫ్, ఆ సంగతి తర్వాత.

వద్దనడం నేర్చుకోవడం

డబ్బు పరిమితమని తెలియగానే ఎంపిక తప్పనిసరైంది. అంతకుముందు రచయితే ఫైలు తెచ్చేవాడు కాబట్టి వద్దనడానికి మాకు కారణం దొరికేది కాదు. ఇప్పుడు ప్రతి పుస్తకానికీ 75 వేలు పెట్టాలి, ఏడాదికి ఇన్ని మాత్రమే.

పరిశీలకుల విషయంలో ఇంగ్లిష్ ప్రపంచపు పద్ధతి తెలుగులో నడవదు. రచయిత పేరు దాచి ఇద్దరికి పంపడం అక్కడ మామూలు. తెలుగు భాషాశాస్త్రంలోనో, శాసనాల్లోనో పనిచేసేవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. రెండు పేజీలు చదివితే ఎవరు రాశారో, ఎవరి శిష్యుడో చెప్పేస్తారు. ఒకరి సిద్ధాంత గ్రంథానికి మరొకరు ఎగ్జామినర్. అందుకని దాపరికం వదిలేశాం. పరిశీలకుడు పేరుతో సంతకం పెట్టి నివేదిక రాయాలి, అది రచయితకు వెళుతుంది. ఇద్దరిలో ఒకరు ఆ శాఖ బయటివారై ఉండాలి. నీటిపారుదల చరిత్ర పుస్తకానికి ఒక సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ రాసిన నివేదిక నేను చూసినవాటిలో ఉత్తమమైనది. చెరువు తూముల గురించి రచయిత రాసిన కొలతలు భౌతికంగా కుదరవని చూపించారాయన. చరిత్రకారులెవరూ దాన్ని పట్టుకునేవారు కాదు.

ఒక పెద్దాయన, మా అందరికీ గురుతుల్యులు, స్వయంగా ఆఫీసుకు వచ్చారు. "ఏమయ్యా, నా పుస్తకానికి పరిశీలకుడా? నాకు పరిశీలకుడయ్యేంత వాడు ఎవడున్నాడు?" "లేరండీ, అందుకే మీ శిష్యులిద్దరికి పంపుతాం, మీరే పేర్లు చెప్పండి" అన్నాను. కాసేపు చూసి నవ్వారు. శిష్యుల్లో ఒకరు ఒక అధ్యాయం తీసేయమని రాశారు. ఆయన తీసేశారు.

అన్నీ అలా ముగియలేదు. తిరస్కరించిన పుస్తకాల్లో కొన్ని బయట డబ్బిచ్చి అచ్చేసుకుంటే నెలలోపే వచ్చాయి, పాయింట్లూ వచ్చాయి. పాయింట్ల పట్టిక మారనంత కాలం ఆ దారి మూసుకోదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఉన్నదున్నట్టు పుస్తకం చేయమనే అభ్యర్థనలకు మాత్రం మాకు మంచి సమాధానం దొరికింది. సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో దాచే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగలో థీసిస్ ఎలాగూ ఉచితంగా ఉంటుంది. పుస్తకం అంటే దానికంటే వేరుగా ఏదో ఉండాలి, తిరగరాయండి అనేవాళ్లం. కొందరు రాశారు, చాలామంది మళ్లీ రాలేదు.

అను ఫాంట్ల గోడ

ఈ భాగం కొంచెం సాంకేతికంగా ఉంటుంది. కానీ తెలుగులో పండిత ప్రచురణ మారాలంటే అసలు అడ్డంకి ఇక్కడుందని నా అభిప్రాయం. డబ్బు కంటే కూడా.

మా ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. తెలుగు ప్రచురణ మొత్తం పాతికేళ్ల పైచిలుకు ఆ జంట మీదే నడిచింది. అను ఫాంటులో తెలుగు అక్షరమనేది కంప్యూటర్‌కు తెలియదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, ఒక్కో ముక్కా ఇంగ్లిష్ అక్షరమో గుర్తో ఉండాల్సిన గదిలో కూర్చుంటుంది. కాగితం మీద అందంగా ఉంటుంది. ఆ పీడీఎఫ్‌లో "నాగలి" అని వెతికితే ఏమీ దొరకదు, ఒక పేరా కాపీ చేస్తే అర్థంలేని రోమన్ అక్షరాల వరస వస్తుంది. సెర్చ్ ఇంజన్లకు ఆ పుస్తకం లేనట్టే. చూపులేని పాఠకుడి స్క్రీన్ రీడర్‌కు మూగది. "మా పుస్తకాలన్నీ డిజిటల్‌లో ఉన్నాయి సార్" అని నాకు చెప్పిన రోజున ఉన్నవి ఇవే.

ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉంది. మార్పిడి సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి, మామూలు వ్యాసానికి బాగానే పనిచేస్తాయి. పండిత గ్రంథం దగ్గరకొచ్చేసరికి తేలిపోతాయి. అరసున్నలు రాలిపోతాయి, బండి ర కాస్తా మామూలు ర అవుతుంది, క్రావడి పక్క అక్షరానికి అంటుకుంటుంది. పాత ముద్రణల్లో చ, జ ల మీద గుర్తు వేసి చూపించిన దంత్యాలు పూర్తిగా పోతాయి. నిఘంటువుకు అవే ప్రాణం. యూనికోడ్‌లో ౘ, ౙ లు 2008లో వెర్షన్ 5.1తో చేరాయి. శాసనాల్లో కనిపించే ౚ 2015లో వెర్షన్ 8.0తో, నకారపు పొల్లు (అచ్చు చేరని న్ గుర్తు) 2021లో వెర్షన్ 14.0తో వచ్చాయి. కోడ్ ఉన్నంత మాత్రాన అక్షరం కనిపించదు, ఫాంటులో కూడా ఉండాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లు, గూగుల్ నోటో ఫాంట్లు పరీక్షించి, ఏ పుస్తకానికి ఏది సరిపోతుందో ఒక పట్టిక రాసుకున్నాం. శాసన పాఠాలకు నోటో, మిగతా వాటికి సందర్భాన్ని బట్టి.

మార్పిడి చేయడానికి ఒక వృత్తిపదాల కోశాన్ని ఎంచుకున్నాం. కారణం చిత్రమైనది. అది అచ్చయి చాలా కాలమైంది, స్టాక్ లేదు. క్యాంపస్ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో మాత్రం స్పైరల్ బైండింగ్‌తో ఎప్పుడడిగినా దొరికేది. ఒక సహోద్యోగి కేసు పెడదామన్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో వేసిన దావా సంగతి గుర్తుచేశాను. 2016లో హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు, 2017లో ప్రచురణకర్తలే వెనక్కి తీసుకున్నారు. అక్కడ విషయం పాఠాల కోసం వేసిన నకళ్లది, మాది మొత్తం పుస్తకం, కాబట్టి చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. కానీ అమ్మడానికి మా దగ్గర ఒక్క ప్రతీ లేని పుస్తకాన్ని కాపీ చేశాడని ఎవరి మీద కేసు వేస్తాం? ఆ షాపతనికి తెలిసిన గిరాకీ మా స్టాక్ రిజిస్టర్‌కు తెలియలేదు.

పని ఎలా చేశామంటే: సాఫ్ట్‌వేర్ మార్పిడి మొదటి మెట్టు. తర్వాత తరచూ వచ్చే తప్పుల పట్టిక చేసి ఒకేసారి దిద్దడం. ఆ తర్వాత పాత అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని మాటకు మాట చూడటం. ఈ మూడో మెట్టుకు దగ్గరి దారి లేదు. రిటైరైన మా ప్రూఫ్‌రీడర్ గారినే గౌరవ వేతనం మీద పిలిచాం, ఇద్దరు ఎంఏ తెలుగు విద్యార్థులను ఆయన పక్కన కూర్చోబెట్టాం. మొదటి వారం ఆయన స్క్రీన్ మీద చూడనన్నారు, ప్రింటవుట్లు ఇచ్చాం. ఏడాది తిరిగేసరికి కోడ్ చార్టులో ఏ అక్షరం ఎక్కడుందో ఆయనే పిల్లలకు చెబుతున్నారు. ఆ విద్యార్థుల్లో ఒక అమ్మాయి ఇప్పుడు మా దగ్గరే కాంట్రాక్టు మీద ఎడిటర్.

మొదటి ప్రతి ఖర్చుకు వేరే పద్దు లేకపోతే ఈ పని ఏ బిల్లు కింద పెట్టేవాళ్లం? అచ్చు కాదు, కొత్త పుస్తకం కాదు. ఆడిట్‌కు జవాబు లేక ఆగిపోయేది.

ఉచితంగా ఇస్తే కొనేదెవరు?

కోశాన్ని యూనికోడ్ పీడీఎఫ్‌గా ఉచితంగా పెట్టి, అచ్చు ప్రతి కావాలన్నవాళ్లకు కొద్ది ప్రతుల చొప్పున వేయాలని ప్రతిపాదించాను. పాలకమండలిలో అందరూ అడిగింది ఈ ప్రశ్నే.

వేరేచోట్ల దీనికి రకరకాల సమాధానాలున్నాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వారి యూసీఎల్ ప్రెస్ 2015లో మొదలైనప్పటి నుంచీ అన్నీ ఉచితంగానే వేస్తోంది, ఖర్చు విశ్వవిద్యాలయానిది. ఎంఐటీ ప్రెస్ 2021లో డైరెక్ట్ టు ఓపెన్ అనే పథకం తెచ్చింది. గ్రంథాలయాలు ఒక్కో పుస్తకం కొనే బదులు తమ స్థాయిని బట్టి ఏటా కొంత చందా వేస్తాయి, తగినంత పోగయితే ఆ ఏడు వచ్చే పండిత గ్రంథాలు, ఏటా 80 దాకా, అందరికీ ఉచితం. తెలివైన ఏర్పాటు. మన దగ్గర దాన్ని యథాతథంగా తేలేం. చందా వేయగల స్థితిలో ఉన్న తెలుగు విద్యాసంస్థల గ్రంథాలయాలు ఎన్ని? జిల్లా గ్రంథాలయ సంస్థలకు సెస్సు రావాలి, వచ్చినా కొనుగోళ్లు ఏళ్ల తరబడి ఆగుతుంటాయి.

మా దారి యూసీఎల్ దారికి చిన్న నకలు. మొదటి ప్రతి ఖర్చు విశ్వవిద్యాలయం పెట్టేసింది కాబట్టి పీడీఎఫ్ తాళం వేసుకోవడంలో అర్థం లేదు. అచ్చు ప్రతి కావాలన్నవాళ్లు అచ్చు ఖర్చు ఇస్తారు. కోశం విషయంలో ఉచిత పీడీఎఫ్ వచ్చాక అచ్చు అమ్మకం పెరిగింది. దీన్ని సూత్రం చేయను, నిఘంటువు చేతిలో పట్టుకుని తిప్పే పుస్తకం కాబట్టి అలా జరిగింది. సాహిత్య విమర్శ పుస్తకాలు రెండింటికి అమ్మకం తగ్గింది, వాటి రచయితలు నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటారు. రాయల్టీ ఏమీ పెద్ద మొత్తం కాదు. కానీ పుస్తకాల పండుగలో స్టాల్ దగ్గర నిలబడి తమ పుస్తకం ఎవరు కొంటున్నారో చూసుకోవడం వాళ్లకు కావాలి. డౌన్‌లోడ్ అంకె ఆ పని చేయదు.

అచ్చు ప్రతులు పంపడంలోనూ తిప్పలు వచ్చాయి. 2024 డిసెంబరులో పుస్తకాలను తక్కువ చార్జీకి పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను తపాలా శాఖ తీసేసింది. చిన్న ప్రచురణకర్తలందరిలాగే మాకూ ఒక్కసారిగా పార్సిల్ ఖర్చు పుస్తకం ధరకు దగ్గరైంది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలతో మొదలు. కొంత ఊరట.

జర్నల్ గురించి కొద్దిగా. మా విభాగం ఒక పత్రిక కూడా తెస్తుంది. యూజీసీ గుర్తించిన పత్రికల జాబితా, యూజీసీ కేర్‌లో చేరడమే లక్ష్యంగా కొన్నేళ్లు నడిచింది, 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఎత్తేసింది. వ్యాసాల వరద తగ్గింది, నాణ్యత కొంచెం పెరిగింది. ఇక విద్యాసంస్థలన్నిటికీ కలిపి జర్నళ్ల చందా కట్టే కేంద్ర పథకం, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు సుమారు 6,000 కోట్లు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా సంస్థలు. మా ఫిజిక్స్ వాళ్లకు అది వరం, సంతోషం. అది చదవడానికి ఇచ్చే డబ్బు. తెలుగులో పరిశోధన గ్రంథం తయారుచేయడానికి అందులో దారి లేదు. లైబ్రరీ సబ్‌స్క్రిప్షన్ల మీద ఆదా అయినదాంట్లో కొంత మొదటి ప్రతి పద్దుకు మళ్లించమని మా వీసీ గారికి నోట్ పెట్టాను. ఆ నోట్ ఇంకా తిరుగుతోంది.

కాగితాలు లేని హక్కులు

పాత పుస్తకాలను ఉచితంగా పెట్టబోతే తేలిన విషయమిది. చాలా పుస్తకాలకు రచయితతో ఒప్పందమే లేదు. ఫైల్లో ఉన్నది "ముద్రించుటకు అనుమతించడమైనది" అనే ఒక ఉత్తర్వు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రాతే లేని చోట ఆ ఐదేళ్లు కూడా లేవు. అంటే మేం "మా పుస్తకాలు" అంటున్నవాటిలో చాలావాటి మీద మాకు హక్కు లేదు, ఉన్నది గోడౌన్‌లోని కాగితం మాత్రమే.

కొత్త ఒప్పందం పత్రం రాయించాం. తెలుగులో, రెండు పేజీలు. రచయిత హక్కు రచయితదే, మాకు అచ్చుకూ ఉచిత పీడీఎఫ్‌కూ అనుమతి, కాలం, ప్రాంతం స్పష్టంగా. కృత్రిమ మేధ గురించి ఒక క్లాజు చేర్చాం. 2024లో టేలర్ అండ్ ఫ్రాన్సిస్ మాతృసంస్థ ఇన్‌ఫార్మా తమ ప్రచురణలను కృత్రిమ మేధకు వాడుకోనిచ్చేలా మైక్రోసాఫ్ట్‌తో కోటి డాలర్లు దాటే ఒప్పందం చేసుకున్నప్పుడు, తమను అడగలేదని రచయితలు మండిపడ్డారు. కేంబ్రిడ్జ్ ప్రెస్ రచయితల అంగీకారం విడిగా అడిగింది. మేం కేంబ్రిడ్జ్ పద్ధతి తీసుకుని విడిగా ఒక సంతకం గడి పెట్టాం. మా రచయితల్లో ఎక్కువమంది అక్కడ "సరే" అనే పెట్టారు. తెలుగు బాగా రాసే యంత్రాలు రావాలంటే మంచి తెలుగు ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ అన్నారొకరు. ఒకాయన మాత్రం ఆ గడిని అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం చేశారు. అదీ ఫైల్లో పెట్టాం.

గతించిన రచయితల వారసులను వెతకడం ఇప్పటికీ సాగుతోంది. పెన్షన్ సెక్షన్‌లో నామినీ చిరునామాలు దొరికాయి. కొందరు విజయవాడలో, కొందరు హైదరాబాదులో, చాలామంది అమెరికాలో. ఫోన్ చేస్తే ముందు అనుమానం, నాన్నగారి పుస్తకమని తెలిశాక గంటసేపు మాటలు. టెక్సాస్‌లో ఉన్న ఒకావిడ పీడీఎఫ్‌కు వెంటనే ఒప్పుకున్నారు, ఒక్క షరతుతో: మొదటి ముద్రణలో తప్పుగా పడిన తండ్రిగారి ఊరి పేరు దిద్దాలి.

వారసులు దొరకని పుస్తకాలకు మూడు పనులు చేస్తున్నాం. స్కాన్ చేసి, పాఠం యూనికోడ్‌లోకి మార్చి, తాళం వేసి ఉంచడం. కేటలాగులో వివరాలు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టడం. రచయిత ఏ సంవత్సరం పోయారో రాసుకోవడం. చట్ట ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. 1965లో పోయినవారి పుస్తకాలకు 2025 డిసెంబరు 31తో గడువు తీరింది. వాటిలో మా దగ్గర సిద్ధంగా ఉన్నవి జనవరి మొదటివారంలోనే తెరిచాం. 1966 జాబితా మీద ఆ ఎడిటర్ అమ్మాయి పనిచేస్తోంది, రెండు పుస్తకాల దగ్గర రచయిత మరణ సంవత్సరం మీద ఇంకా తగాదా ఉంది.